కొర్రమీను నీళ్ళు తాగదు

మా మేనల్లుడు నల్గొండ నుంచి వచ్చి మా ఇంట్లో దిగి రెండు నెలలైంది. బీటెక్ అయిపోయింది. పొద్దున అమీర్‌పేటలో ఏదో కోర్సు, సాయంత్రం అక్కడే స్పోకెన్ ఇంగ్లిష్. రాత్రి అన్నాల దగ్గర కూడా ఓ స్పైరల్ బైండింగ్ పుస్తకం వాడి పక్కనే ఉంటుంది. మొన్న చెయ్యి కడుక్కుని తీసి చూశాను. ఒక పేజీ నిండా ఇవే: ఈట్ లైక్ ఎ హార్స్, ఈట్ లైక్ ఎ బర్డ్, డ్రింక్ లైక్ ఎ ఫిష్, స్లీప్ లైక్ ఎ లాగ్, స్లీప్ లైక్ ఎ బేబీ, స్వెట్ లైక్ ఎ పిగ్, వర్క్ లైక్ ఎ డాగ్, సెల్ లైక్ హాట్ కేక్స్. ఎదురుగా తెలుగు అర్థాలు. పేజీ అడుగున పెద్దక్షరాలతో ఓ నోటు: ఇవి వాడండి, ఇంగ్లిష్‌లో పుట్టి పెరిగిన వాళ్ళలా మాట్లాడండి.

"ఇవన్నీ బట్టీ పట్టాల్నారా?"

"ఎల్లుండి టెస్ట్ ఉంది మామా. సగం మార్కులు వీటికే."

నాకు పాత దెబ్బ ఒకటి సలిపింది. 2006లో నేనూ అమీర్‌పేటకే వచ్చాను. అప్పటికి మెట్రో లేదు, మైత్రీవనం ముందు రోడ్డు దాటడమే ఓ పరీక్ష. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇదే పేజీ అప్పుడు నా దగ్గర జిరాక్స్ కాగితంగా ఉండేది. మొదటి ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి అని అడిగారు. నేను నిటారుగా కూర్చుని, వారం రోజులు అద్దం ముందు చెప్పుకున్న వాక్యాన్ని ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను: "సర్, ఐ విల్ వర్క్ లైక్ ఎ డాగ్."

ఒకాయన పెన్ను కింద పెట్టాడు. పక్కనున్న మేడమ్ గబుక్కున నీళ్ళ గ్లాసు అందుకుంది. మూడో ఆయన మాత్రం చాలా మర్యాదగా "ప్లీజ్ డోంట్" అన్నాడు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

వాక్యంలో గ్రామర్ తప్పు లేదు. ఉచ్చారణ కూడా బాగానే ఉందని నా నమ్మకం. మరి తప్పెక్కడ? ఆ సంగతి నాకు ఏళ్ళ తర్వాత, అదే మాటను తెలుగులో పెట్టి చూసినప్పుడు తెలిసింది. "సార్, నన్ను తీసుకోండి, గొడ్డు చాకిరీ చేస్తాను" అని మనలో ఎవడైనా అంటాడా? గొడ్డు చాకిరీ అనేది చేసిన వాడు, చేసి అలిసిపోయాక, చేయించుకున్న వాడి మీద కోపంతో అనే మాట. "ఆ ఇంట్లో పదేళ్ళు గొడ్డు చాకిరీ చేసిన" అంటుంది మా అమ్మ, తన అత్తగారిల్లు గుర్తొచ్చినప్పుడల్లా. అది ఫిర్యాదు. ఇంగ్లిష్ కుక్క కూడా అంతే. వారమంతా ఇలా కుక్కలా పని చేశానని శుక్రవారం సాయంత్రం నిట్టూర్చడానికి పనికొస్తుంది, సోమవారం పొద్దున హామీ ఇవ్వడానికి కాదు. మా జిరాక్స్ కాగితం మీద దాని అర్థం "చాలా కష్టపడి పని చేయు" అని ఉంది. ఆ అర్థమే నన్ను ముంచింది.

ఈ పేజీ మీద నా గొడవ అదే. ఈ మాటలకు అర్థం రాసి ఊరుకుంటే సరిపోదు. ఎవరు, ఎవరి గురించి, ఏ మూడ్‌లో అంటారన్నదే వీటిలో అసలు సరుకు. కుంభకర్ణుడిలా నిద్రపోతున్నాడని తల్లి కొడుకును అంటుంది. కొత్త కోడలు మామగారిని అంటే ఏమవుతుందో ఆలోచించండి. గుర్రంలా తింటాడనేది ఎదిగే పిల్లవాడి గురించి ముచ్చటగా చెప్పుకునే మాట. అదే మాట భోజనానికి పిలిచిన కొలీగ్ భార్యతో, నవ్వుతూనే అనండి, మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేరు. ఇంకో తేడా కూడా ఉంది. ఇంగ్లిష్‌లో గుర్రంలా తినడం అంటే ఎక్కువ తినడం, అందులో తిట్టు తక్కువ. పందిలా తినడంలో ఎంత తిన్నాడనే దానికంటే ఎంత అసహ్యంగా తిన్నాడన్నది ముందుంటుంది. మా వాడి పుస్తకంలో రెండింటికీ ఒకటే అర్థం: "అతిగా తిను".

ఇక్కడ కాస్త బడి పాఠంలోకి వెళ్ళాలి. పదో తరగతిలో ఉపమాలంకారం చదవని తెలుగువాడు లేడు. "ఆమె ముఖం చంద్రబింబం వలె అందంగా ఉన్నది." ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, అందం సమానధర్మం, వలె ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఒకటి లోపిస్తే లుప్తోపమ. రెండు మార్కుల ప్రశ్న. ఆ కొలబద్దతో "హీ డ్రింక్స్ లైక్ ఎ ఫిష్", అంటే తెగ మందు తాగుతాడు అనే మాటను కొలవండి. అతను ఉపమేయం, చేప ఉపమానం, లైక్ ఉపమావాచకం, తాగడం సమానధర్మం. నాలుగూ ఉన్నాయి, నిండు ఉపమ అనిపిస్తుంది.

కానీ చేప తాగుతుందా?

మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనును తీసుకుందాం. మృగశిర కార్తె రోజు రాంనగర్ మార్కెట్‌లో దాని కోసం జనం ఎలా ఎగబడతారో చూసిన వాళ్ళకు దాని విలువ నేను చెప్పక్కర్లేదు. అది మంచినీటి చేప. దాని ఒంట్లో ఉన్న ఉప్పు చుట్టూ ఉన్న నీళ్ళలో ఉండదు. అందువల్ల నీళ్ళు మొప్పల్లోంచి వాటంతట అవే ఒంట్లోకి ఇంకుతుంటాయి. దానికి ఇంకా తాగే పనేముంది? లోపలికొచ్చిన నీళ్ళను బయటికి పంపడంతోనే దానికి సరిపోతుంది. సముద్రపు చేపల కథ తలకిందులు. వాటి ఒంట్లోంచి నీళ్ళు బయటికి పోతుంటాయి కాబట్టి అవి నిజంగానే సముద్రాన్ని తాగి, ఉప్పును మొప్పల ద్వారా తోసేస్తాయి. కాబట్టి ఆ మాట సముద్రం ఒడ్డున పుట్టిందని సరిపెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో మాత్రం చెల్లదు. మన చేప పక్కా మద్యపాన నిషేధం.

మిగిలినవీ ఇదే తంతు. పిట్టలా తినడమంటే కొద్దిగా తినడమట. చిన్న పిట్టలు వాటి బరువుకు అవి ఎంత తింటాయో లెక్క వేసి, అదే లెక్కన మనం తింటే గిన్నెలన్నీ ఖాళీ. పందికి చెమట పట్టే గ్రంథులు బహు తక్కువ, అందుకేగా పాపం బురదలో పడి పొర్లుతుంది. ధారగా చెమట కారేది గుర్రానికి. మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగు ముగించుకుని వచ్చిన గుర్రాన్ని చూస్తే ఆ మాట ఎవరికి దక్కాల్సిందో తెలుస్తుంది. ఇక పసిపాప నిద్ర. పసిపాపలా నిద్రపోయానని చెప్పే వాడి ఇంట్లో పసిపాప ఉండి ఉండదు. రెండు మూడు గంటలకోసారి లేచి, ఇల్లంతా లేపి, తాను మళ్ళీ పడుకోవడమే పసిపాప నిద్ర.

అంటే ఇవి ఉపమలు కావు. సమానధర్మమే అబద్ధమైతే ఉపమ ఎక్కడిది? ఇవి ఉపమ వేషం కట్టిన అతిశయోక్తులు. "లైక్ ఎ ఫిష్" అన్నప్పుడు అనేవాడికి గానీ వినేవాడికి గానీ కళ్ళ ముందు చేప కదలదు. దాని పనల్లా "బాగా", "తెగ", "విపరీతంగా" అని చెప్పడమే. ప్రతి క్రియకూ ఒక "తెగ" ఉంది, అది ఆ క్రియతోనే కాపురం చేస్తుంది. తాగడానికి చేప, నిద్రకు దుంగ, పనికి కుక్క. మార్చుకుంటే ఒప్పరు. "స్లీప్ లైక్ ఎ ఫిష్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, నిజానికి చేప రెప్ప వెయ్యకుండా పడుకుంటుంది కాబట్టి అది ఇంకా అందమైన పోలిక అయినా సరే.

ఈ కాపురాలు కూడా ఎల్లకాలం ఒకేలా లేవు. దుంగకు ముందు నిద్రకు బొంగరం ఉండేది. 1634లో అచ్చయిన ఓ ఇంగ్లిష్ నాటకంలో ఒక పిల్ల, లేకపోతే నేను బొంగరంలా నిద్రపోతాను అంటుంది. వేగంగా తిరిగే బొంగరం నిలబడ్డ చోట కదలకుండా, చప్పుడు లేకుండా ఉంటుంది చూడండి, అదీ ఆ నిద్ర. గోళీలు, బొంగరాలు ఆడి పెరిగిన నాకు ఇది చదివిన రోజు ఒళ్ళు పులకరించింది. దుంగ కంటే ఎంత మంచి పోలిక! దుంగ నిలిచింది, బొంగరం దాదాపు పోయింది. దుంగ మాత్రం మనకూ చుట్టమే: మొద్దు నిద్ర అంటామే, ఆ మొద్దూ దుంగే. ఎవరి దగ్గరా ఎవరూ అప్పు తెచ్చుకున్నట్టు లేదు. పడుకున్న మనిషిని లేపబోయి విసిగిపోయిన వాళ్ళు రెండు దేశాల్లోనూ చెక్కనే తలుచుకున్నారు.

మన పోలికలన్నీ సత్యహరిశ్చంద్రుడి సంతానమని చెప్పడం లేదు. కుంభకర్ణుడు కథలో ఆరు నెలలు నిద్రపోయాడు, బకాసురుడు బండెడు అన్నం తిన్నాడు, నత్త నిజంగానే నత్తనడక నడుస్తుంది, అంతవరకు సరే. హంస నడక మాటేమిటి? హంస నీళ్ళ మీద తేలితేనే రాణి. గట్టెక్కిందంటే అటూ ఇటూ ఊగుతూ బాతులాగే నడుస్తుంది. మన కవులు వందల ఏళ్ళు నాయికలందరినీ అలా నడిపించారు, ఒక్క నాయికా కోపగించుకోలేదు.

హాట్ కేకుల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ పేజీ మొత్తంలో తెలుగులోకి పూర్తిగా దిగిపోయింది అదొక్కటే. మ్యాచ్ టికెట్లు హాట్ కేకుల్లా అమ్ముడుపోయాయి, ప్లాట్లు హాట్ కేకుల్లా పోతున్నాయి అని పేపర్లో చూడని వారం ఉండదు. చదివే వాళ్ళ మనసులో మెదిలేది బేకరీ అద్దాల వెనకున్న క్రీము కేకు. క్రీము కేకును వేడిగా ఎవరు తింటారు, ఎగబడి ఎవరు కొంటారు? అసలా మాట 19వ శతాబ్దపు అమెరికాది. అక్కడ హాట్ కేక్ అంటే పెనం మీద పోసి, తిరగేసి, పొగలు కక్కుతుండగా పెట్టే మందపాటి అట్టు. మన ఊతప్పానికి వేలు విడిచిన చుట్టం. జాతరలోనో సంతలోనో పెనం పక్కన జనం నిలబడి, దించింది దించినట్టు ఖాళీ చేసే దృశ్యం అది. మనకు అది తెలియని దృశ్యమా? రంజాన్ నెలలో సాయంత్రం ఏ హోటల్ ముందైనా హలీం బట్టీ దగ్గర నిలబడి చూడండి. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్న హలీం అది. "ప్లాట్లు హలీం లెక్క పోతున్నయ్" అని ఒక్క బ్రోకరు అన్నా నేను ప్లాటు కొనకపోయినా ఆయనకు చాయ్ పోయిస్తాను.

"లెక్క" అన్నాను కదా, దాని మీద ఒక్క మాట. కోస్తా వాళ్ళు "లాగా" అంటారు, రాయలసీమలో "మాదిరి" ఎక్కువ వినిపిస్తుంది, మేము "లెక్క" అంటాం. "గొడ్డు లెక్క చేసిన", "పిల్లి లెక్క వచ్చిండు". ఒకరికి పోలిక అంటే తీరు, ఒకరికి నమూనా, మాకేమో లెక్క. ఇంగ్లిష్ "లైక్" మూలం వెతికితే ఒంటి దగ్గర తేలుతుంది. పాత ఇంగ్లిష్‌లో "లిచ్" అంటే శరీరం, దాన్నుంచి ఒకే రూపం కలది అనే మాట పుట్టి, అరిగి, లైక్ అయింది. ఇంటర్వ్యూకు పనికిరాని సంగతే, నాకు ఇష్టం కాబట్టి చెప్పాను.

అసలు నన్ను మండించింది ఈ పేజీ కాదు, దాని వెనక పేజీ. దాని పేరు "మనవాళ్ళు చేసే తప్పులు". అందులో మూడోది: "లైక్ ఎనీథింగ్ అనకూడదు. ఇది ఇండియన్ ఇంగ్లిష్." మా ఆఫీసులో, మా బస్తీలో, మా ఇంట్లో అందరూ అనే మాట. రెయిన్‌డ్ లైక్ ఎనీథింగ్, శాలరీ ఖర్చవుతోంది లైక్ ఎనీథింగ్, బావ నవ్విండు లైక్ ఎనీథింగ్. ఇది మనం పుట్టించింది కాదు. 1871లో వచ్చిన లూయిస్ కరోల్ పిల్లల పుస్తకంలో ఒక వాల్రస్, ఒక వడ్రంగి సముద్రపు ఒడ్డున అంత ఇసుకను చూసి "లైక్ ఎనీథింగ్" ఏడుస్తారు. అక్షరాలా అదే మాట. ఇంగ్లండ్‌లో అది మెల్లగా పాతబడింది, మన దగ్గర పచ్చగా ఉంది. అత్తగారింట్లో మూలన పడ్డ ఇత్తడి బిందెను కోడలు తెచ్చి రోజూ వాడుకుంటే, అది దొంగ బిందె అయిపోతుందా?

పైగా నా లెక్కలో ఆ పేజీలో ఉన్న అన్నింటికంటే నిజాయితీ గల మాట అదే. చేప, పంది, పసిపాప అంతా చేసేది "తెగ" అని చెప్పడమేనని ఇందాక ఒప్పుకున్నాం కదా. "లైక్ ఎనీథింగ్" ఆ వేషం తీసి పక్కన పెట్టింది. ఉపమానం ఉండాల్సిన చోట "ఏదైనా సరే, నువ్వే పెట్టుకో" అని ఖాళీ వదిలింది. ఏ క్రియతోనైనా కలుస్తుంది. ఎవరినీ జంతువు చెయ్యదు. ఆ రోజు ఇంటర్వ్యూలో నేను "ఐ విల్ వర్క్ లైక్ ఎనీథింగ్" అని ఉంటే కొంచెం నవ్వుకునేవారేమో, నీళ్ళ గ్లాసు దాకా మాత్రం వెళ్ళేది కాదు. అయితే ఒక ముక్క ఒప్పుకోవాలి. అమెరికా క్లయింటుకు రాసే మెయిల్‌లో నేను దాన్ని వాడను. అక్కడి వాళ్ళకు ఆ మాట ఇప్పుడు కొత్తగా, వింతగా ఉంటుంది. అది వినేవాడి అలవాటును బట్టి చేసుకునే సర్దుబాటు. దాన్ని తప్పుల పట్టీలో ఎక్కించి పిల్లల మార్కులు కోయడం వేరే సంగతి.

1958లోనే ఇంగ్లిష్ బోధన కోసం కేంద్ర సంస్థ పెట్టిన ఊరు ఇది. ఇప్పటి ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, అదే. అలాంటి ఊళ్ళో పిల్లలకు నిజంగా అవసరమైన పోలిక పాఠం ఒకటి ఎవరూ చెప్పడం లేదు. అది చేపలది, గుర్రాలది కాదు. "యాజ్", "లైక్" తేడా. మా వాడి రెజ్యుమె చూశాను. కాలేజీ ప్రాజెక్టులో వాడు టీమ్ లీడర్. రాసుకున్నది "వర్క్‌డ్ లైక్ ఎ టీమ్ లీడర్" అని.

"నువ్వు టీమ్ లీడర్‌వా, టీమ్ లీడర్ లెక్క ఫోజు కొట్టినవా?" అన్నాను.

"లీడర్‌నే మామా! నలుగురితోని పని చేయించిన."

"మరి తెలుగుల చెప్పు. టీమ్ లీడర్‌గా చేసినవా, టీమ్ లీడర్‌లా చేసినవా?"

"లీడర్‌గా."

"ఆ 'గా' యాజ్. ఆ 'లా' లైక్."

వాడు రెండు క్షణాలు అలాగే ఉండిపోయాడు. "గింతేనా?" అన్నాడు. గింతే. టీచర్‌గా పని చేస్తున్నాడు, టీచర్‌లా మాట్లాడుతున్నాడు అనే తేడా మూడేళ్ళ పిల్లకు కూడా వచ్చు మన భాషలో. ఇంత సొమ్ము ఇంట్లో పెట్టుకుని అమీర్‌పేటలో అప్పుకు తిరుగుతున్నాం. క్రియాపదం వెనక వాక్యమే వచ్చినప్పుడు ఆ గీత ఇంగ్లిష్ వాళ్ళకే చెదిరిపోయింది లెండి. 1954లో విన్‌స్టన్ సిగరెట్ ప్రకటనలో, సిగరెట్ రుచి ఎలా ఉండాలో అలా ఉంటుంది అనడానికి "యాజ్" బదులు "లైక్" వాడారని అమెరికాలో పండితులు గోల చేశారు. కంపెనీ ఆ గోలను కూడా ప్రకటన చేసుకుంది: మీకు మంచి గ్రామర్ కావాలా, మంచి రుచి కావాలా అని. కానీ ఆ గొడవ మా వాడి రెజ్యుమెకు వర్తించదు. లీడర్‌గా చేసిన వాడు లీడర్‌లా చేశానంటే ఉద్యోగమే పోతుంది.

"ఫీల్ లైక్" కూడా అంతే. "ఐ ఫీల్ లైక్ ఎ దోసా" అంటే నాకు దోసె తినాలనిపిస్తోందని అర్థం. పోలిక చూసుకుని తెలుగు చేస్తే నేను దోసెలా ఫీలవుతున్నాను అని వస్తుంది, మే నెల మధ్యాహ్నం బస్టాప్‌లో అదీ నిజమే అనుకోండి. మా వాడికి ఇది చెబితే పది నిమిషాలు నవ్వాడు. ఇక ఈ జన్మలో మరిచిపోడు. బట్టీ పట్టిన ఎనిమిది పోలికల్లో టెస్ట్ అయిన మర్నాటికి వాడికి గుర్తున్నవి మూడు.

టెస్ట్‌లో ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. రెండు మార్కులు పోయింది సొంత వాక్యం రాయమన్న చోట. వాడు "మై మామ టాక్స్ లైక్ ఎనీథింగ్" అని రాశాడు. ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశారు. వాక్యం తప్పని నేను ఒప్పుకోను. అందులోని విషయం మీద మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆదివారం పదకొండింటికి అక్క నల్గొండ నుంచి ఫోన్ చేసింది.

"లేచిండారా వాడు?"

హాల్లో చాప మీద చూశాను. ఫ్యాను కింద, పుస్తకం పొట్ట మీద పెట్టుకుని, నోరు తెరుచుకుని ఉన్నాడు.

"యాడ లేస్తడక్కా, మూడుసార్లు లేపిన."

"మొద్దు నిద్ర వానిది," అంది అక్క, "మీ బావ లెక్కనే. నీళ్ళు చల్లు."